సున్నం కొట్టిన రాళ్ళు

తిరువూరు,
11 జూన్ 2025

చిరంజీవి నీహారికకి మీ మేనత్త నాగేశ్వరమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ గానీ ఈసారి ఆ ముక్క రాయను. అబద్ధం రాయడం ఎందుకు? మీ మామయ్యకి మోకాలి నొప్పి, నాకు ఒళ్ళంతా మంట.

ఫోన్ చెయ్యక ఉత్తరమేంటి అనుకుంటావేమో. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి చెవిలో కూడా ఫోన్ పెడితే గరగర తప్ప ఏమీ వినపడటం లేదు. పైగా ఫోన్లో నువ్వు ప్రతిదానికీ "సరే అత్తా, సరే అత్తా" అంటావు. దేనికి సరే అన్నావో నీకే గుర్తుండదు. కాగితమైతే జవాబు రాయక చస్తావా!

సంగతేంటంటే, నిన్న పాసు పుస్తకం పని మీద ఆఫీసుకి వెళ్ళాను. వరండాలో గోడ నిండా ఒక పటం అంటించారు. ఇరవై ఏళ్ళ తర్వాత మన ఊరు ఎలా ఉండాలో గీసిన ప్లానంట. జనం మీద పడి చూస్తున్నారు. నేనూ దూరాను. గంపలగూడెం వెళ్ళే రోడ్డు పట్టుకున్నాను, కల్వర్టు పట్టుకున్నాను, అక్కడి నుంచి వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ మన బోరు చేను దగ్గరికి వచ్చాను. చుట్టుపక్కల చేలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. మన నాలుగెకరాలు మాత్రం పసుపు! పసుపంటే ఇళ్ళంట. దాని మధ్యలోంచి అరవై అడుగుల రోడ్డు, సరిగ్గా మన బోరు నెత్తి మీదుగా.

మొన్ననే పత్తి గింజ పెట్టాం అందులో. నువ్వు చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చి ఆ బోరు తొట్టిలో పడి మునిగితే, జుట్టు పట్టుకుని లాగింది నేనే. అది నీకు తెలియని చేను కాదు.

అది గీసినవాడెవడో గానీ వాడి జిమ్మడిపోనూ! వాడికి ఉన్నవి కళ్ళా, కందికాయలా? పచ్చటి చేను పట్టుకుని ఇళ్ళు అని ఎలా రాశాడు? నువ్వు అలాంటి పటాలు గీసే కంపెనీలోనే కదా ఉన్నావు హైదరాబాదులో. నాకు రెండు విషయాలు కనుక్కుని రాయి. ఒకటి, దాన్ని మళ్ళీ పచ్చ చేయించాలంటే ఏం చెయ్యాలి. రెండు, ఆ గీసినవాడి పేరేంటి. నెల రోజుల్లో అభ్యంతరం పెట్టుకోవాలన్నారు. అందులో ఇప్పటికే ఆరు రోజులు పోయాయి.

వెంటనే రాయి. స్పీడ్ పోస్టులో పంపు, మామూలు పోస్టులో వేసి ఊరుకోకు.

ఇట్లు,
మండిపోతున్న మీ అత్త

◆

హైదరాబాదు,
18 జూన్ 2025

అత్తయ్యకి నీహారిక నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టాడు. ఈ కాలంలో ఉత్తరాలేంటమ్మా, కోర్టు కాగితమా అని అడిగాడు. మా అత్తది, దాదాపు అలాంటిదే అన్నాను.

మామయ్య మోకాలికి నేను పోయినసారి తెచ్చిన పట్టీ కట్టుకుంటున్నాడా? బీరువాలో దాచావని నా అనుమానం.

ఇక పటం సంగతి. అత్తా, ముందు ఒకటి చెప్తాను. దాన్ని గీసినవాళ్ళని అంతలేసి మాటలు అనకు. వాళ్ళకి మన చేను మీద పగ ఉండదు. వాళ్ళు ఊరికి వచ్చి చూడరు. డ్రోను తీసిన బొమ్మలు కంప్యూటర్లో ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక్కో ముక్క మీద ఊరి పేరు కూడా ఉండదు, నంబరుంటుంది. అందులో ఏది పొలం, ఏది ఇల్లు, ఏది ఖాళీ అని చూసి గుర్తు పెడతారు. రోజుకి మూడు వందల కమతాలు పూర్తి చెయ్యాలి. మధ్యాహ్నం మూడు దాటితే కళ్ళు మసకలు కమ్ముతాయి. ఆ గుర్తులు పట్టుకుని పైవాళ్ళు ఊరికి ఎంతమంది పెరుగుతారో లెక్కేసి రంగులేస్తారు.

నువ్వు చెయ్యాల్సింది అభ్యంతరం రాసి ఇవ్వడం. సర్వే నంబరు వెయ్యి, పాసు పుస్తకం జిరాక్సు పెట్టు, పత్తి మొలకలు కనపడేలా ఫోటోలు తీయించి పెట్టు. ఇచ్చాక రసీదు తీసుకో. గీసినవాళ్ళ పేరు ఎందుకు? పేరు తెలిసినా రంగు మారదు.

ఇంకోమాట. కంగారు పడి ఆరోగ్యం పాడు చేసుకోకు. పసుపు పడినంత మాత్రాన రేపే వచ్చి ఎవరూ పొలం లాక్కోరు. రేటు పెరుగుతుందని పసుపు కోసం ఎగబడేవాళ్ళు కూడా ఉన్నారు.

నేను కనుక్కోవాల్సినవి కనుక్కుంటున్నాను. కొంచెం టైమివ్వు.

నీ మేనకోడలు,
నీహారిక

◆

తిరువూరు,
25 జూన్ 2025

నీహారికకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కళ్ళజోడు లేకుండా, ఒకసారి పెట్టుకుని. రెండుసార్లూ అదే కనపడింది. "రేటు పెరుగుతుందని పసుపు కోసం ఎగబడేవాళ్ళు కూడా ఉన్నారు." ఈ మాట నీదా, మీ నాన్నదా?

సూటిగా అడుగుతున్నాను. ఆ నాలుగెకరాల్లో రెండెకరాలు మా తమ్ముడివి. పేరు వాడిది, చేసేది మేము. మొన్న ఫోన్ చేసి మీ మామయ్యని "అక్కడ గజం ఎంత పలుకుతుంది బావా" అని అడిగాడంట. నీ దగ్గర్నుంచి చూస్తే ఈ కబురు. గీసినవాళ్ళని ఏమీ అనొద్దంట, పేరు అడగొద్దంట, టైమివ్వాలంట. నువ్వు ఎవరి తరఫున రాస్తున్నావే?

పసుపంటే ఏంటో నాకు చెప్పొస్తున్నావా! నీకు ఎవరూ చెప్పినట్టు లేరు, నేను చెప్తాను విను. మీ తాతయ్యకి బెజవాడ పక్కన మూడెకరాల మాగాణి ఉండేది. నేను లంగా ఓణీలు వేసుకునే రోజులు. అప్పుడొక ప్లాను వచ్చింది. పట్నం చుట్టూ పచ్చగా ఉండాలి, ఈ పొలాల్లో ఏమీ కట్టకూడదన్నారు. పట్నం వాళ్ళకి గాలి కావాలంట! మేం గొడ్ల పాక వేసుకుంటే వచ్చి పీకించారు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. సరే, పచ్చ అన్నారు కదా, పంట పండించుకుందాం అని ఊరుకున్నాం. నా పెళ్ళయిన రెండేళ్ళకి ఆ పచ్చ తీసేసి పసుపేశారు. ఎందుకు తీశారో మమ్మల్ని అడగలేదు, ఎందుకు వేశారో చెప్పలేదు. పక్కవాళ్ళు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు ప్లాట్ల కోసం బోదె పూడ్చేశారు. మా మడికి నీళ్ళొచ్చేది ఆ బోదెలోంచే. మా నాన్న నీళ్ళ కోసం ఆఫీసు మెట్లెక్కీ దిగీ చెప్పులరిగిపోయాయి. అక్కడున్నాయన పటం తీసి చూపించి "ఇక్కడ పొలం లేదండి, ఇళ్ళున్నాయి" అన్నాడంట. మా చేలో వరి ఉంది. ఆయన కాగితంలో ఇళ్ళున్నాయి. కాగితమే గెలిచింది.

చివరికి వచ్చినకాడికి అమ్మేసి, నా పక్కనే ఉంటుందని ఈ మెట్టలో మీ నాన్న పేరున రెండెకరాలు కొన్నాడు. ఇది పట్నానికి డెబ్బై కిలోమీటర్లమ్మా, ఇక్కడిదాకా ఏ ప్లానూ రాదు అన్నాడు. వచ్చింది చూడు.

అభ్యంతరం ఇచ్చాను. రసీదు తీసుకున్నాను. ఫోటోలు పెట్టాను. ఆ గుమస్తా ఏమన్నాడో తెలుసా? "అమ్మా, మీ చేను ఇప్పటికే లేఅవుటు కింద గుర్తించారు. లోపల ప్లాట్లు, దారి, రాళ్ళు అన్నీ కనపడుతున్నాయి కదా" అని నవ్వాడు. ప్లాట్లేంటి నా తలకాయ! పత్తి మొలకలు కనపడటం లేదా అంటే, అవి నిన్నటివి, బొమ్మ రెండేళ్ళ కిందటిది అన్నాడు. ఎవడో డబ్బు తిని రాయించాడు, నాకు అర్థమైపోయింది.

వాడి పేరు కావాలి నాకు. కనుక్కుంటావా, లేక నేనే హైదరాబాదు బస్సెక్కి మీ ఆఫీసు గుమ్మంలో కూర్చోనా?

మీ అత్త

మీ మామయ్య పట్టీ కట్టుకుంటున్నాడు. బీరువాలోంచి తీశాను.

◆

హైదరాబాదు,
2 జులై 2025

అత్తయ్యకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. ఇంక చించను.

ముందు నాన్న సంగతి. ఆయనకి ఈ పటం గురించి తెలియనే తెలియదు. గజం రేటు అడిగింది మా కింద వాటా వాళ్ళు తిరువూరులో స్థలం చూస్తున్నారని. ఆయన్ని అనొద్దు. అనాల్సింది నన్ను.

నువ్వు పేరు అడిగావు కదా. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే ఆఫీసులో పాత ముక్కలు తీసి వెతికాను. నలభై ఒకటో నంబరు ముక్క. దాని కింద కుడి మూలన చిన్న గడి ఉంటుంది, గీసినవాళ్ళు అందులో తమ పేరు వెయ్యాలి. గోడ మీద నువ్వు చూసిన పెద్ద పటంలో ఆ గడి కనపడదు. ఆ గడిలో ఉన్నది నా పేరు అత్తా. పోయిన నవంబరులో ఆ చేనుని "ప్లాట్లు వేసిన స్థలం" అని గుర్తు పెట్టింది నేనే. ఎవరూ డబ్బు తినలేదు. నేను మన చేనుని గుర్తుపట్టలేదు.

నేను మునిగిన తొట్టి ఆ బొమ్మలో ఉంది. నాలుగు మిల్లీమీటర్ల చదరం. దాన్ని వాటర్ ట్యాంకు అని రాశాను.

అదెలా జరిగిందో చెప్తాను, తప్పించుకోవడానికి కాదు. రెండేళ్ళ కిందట వేసవిలో డ్రోను సర్వే వస్తుందని నేనే నీకు ఫోన్ చేసి చెప్పాను, గట్ల మీద సున్నం పోసి హద్దులు తెలిసేలా పెట్టమని. ఆ రోజు తీసిన బొమ్మలే ఇప్పుడు ప్లానుకి కూడా వాడారు. మే నెల, చేలో పైరు లేదు, మట్టి నున్నగా ఉంది. దాని మీద తెల్లటి గీతలు. చుట్టూ హద్దు ఒక్కటే కాదు, లోపల కూడా అడ్డంగా నిలువుగా గీతలు, గీతకో తెల్ల రాయి, మధ్యలో బోరు దాకా రెండు వైపులా సున్నం పోసిన దారి. అలాంటివి నేను రోజుకి పది చూస్తాను, అన్నీ రియల్ ఎస్టేటు వాళ్ళవే. ఆ దారిని పైవాళ్ళు రోడ్డు కింద పొడిగించారు.

నేను హద్దు ఒక్కటే కదా పెట్టమన్నాను. చేనంతా గళ్ళు గళ్ళు గియ్యమని ఎవరు చెప్పారు నీకు? ఎందుకు గీశావు?

దీంతో పాటు ఒక కాగితం పెడుతున్నాను. ఆ ముక్క గీసింది నేనేననీ, అది పొలమనీ, పొరపాటు నాదేననీ రాసి సంతకం చేశాను. నీ అభ్యంతరానికి జతచేసి ఇవ్వు. దీనివల్ల నా కాంట్రాక్టు పోవచ్చు. పోనివ్వు.

జిమ్మడిపోవాల్సిన నీ మేనకోడలు,
నీహారిక

◆

తిరువూరు,
8 జులై 2025

నీహారికా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు అన్నం తినలేదు. రెండో రోజు మీ మామయ్య మీద అరిచాను, ఆయనేం చేశాడని? ఈ రోజు రాస్తున్నాను.

నాకు ఏడుపొచ్చింది అని రాయడానికి సిగ్గుపడను. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు అనుకుని తిట్టాను ఇన్నాళ్ళూ. ముక్కూమొహం తెలిసినదానివి, ఆ చేలో పెసరకాయలు వలుచుకుని తిన్నదానివి, నీకే కనపడకపోతే ఇంక ఎవరికి కనపడుతుంది?

ఎందుకు గీశావు అని గద్దించి అడిగావు. చెప్తాను.

డ్రోను ఆకాశంలోంచి అన్నీ చూస్తుంది, చూసింది చూసినట్టు కాగితంలోకి ఎక్కుతుంది అన్నావు నువ్వు. నీ నోటితో అన్నావు. అప్పుడు నాకు ఏసోబు గుర్తొచ్చాడు. మీ మామయ్యకి గుండె నొప్పి వచ్చి ఏడాది మంచంలో ఉంటే ఆ నాలుగెకరాలూ ఒంటిచేత్తో చేసింది ఏసోబు. మందులకి, ఆసుపత్రికి నేను తిరుగుతుంటే చేనులో ఒక్క మొక్క ఎండనివ్వలేదు. అందుకని తూర్పు మూలన అర ఎకరం నువ్వే చేసుకో, పంట నువ్వే తీసుకో, ఇది నీదే అన్నాం. మాటే గానీ కాగితం లేదు. రాయిద్దాం రాయిద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి, తప్పు మాదే. సున్నం పోసే రోజున అనుకున్నాను, కాగితం మీద లేకపోతేనేం, పైనుంచి చూసేదానికైనా వీడి చెక్క వేరుగా కనపడాలి అని. ఏసోబుతో పదకొండు రాళ్ళు పాతించాను. వాడి ఒక్కడికే రాళ్ళు పెడితే బాగుండదని మిరప చెక్కకి, పెసర చెక్కకి, పశువుల గడ్డికి కూడా గీతలు గీయించాను. దారికి కూడా సున్నం పోయించాను, ఏసోబుకి ఆ దారిన నీళ్ళు పెట్టుకునే హక్కు ఉందని తెలియాలని.

వాడు ప్రతి క్రిస్మస్‌కీ ఇంటికి సున్నం వేసుకుంటాడు. మిగిలిన సున్నం తెచ్చి ఆ పదకొండు రాళ్ళకీ వేస్తాడు. అందుకే రెండేళ్ళయినా తెల్లగా ఉన్నాయి.

మీ కంప్యూటరుకి అవి ప్లాట్లలా కనపడ్డాయన్నమాట.

నీ సంతకం కాగితం ఎక్కడా ఇవ్వలేదు. ఇవ్వను. మరి ఇంకేమీ రాయలేను ఇవాళ.

నాగేశ్వరమ్మ

◆

హైదరాబాదు,
15 జులై 2025

అత్తయ్యకి,

పేరు మాత్రం రాసి సంతకం పెట్టావు. "మీ అత్త" అని కూడా లేదు. సరే.

నా కాగితం ఇవ్వనన్నావు. నా సంతకానికి అంత విలువ లేదనుకున్నావా? ఉద్యోగం పోయినా ఫరవాలేదని రాసిచ్చాను, అది ఎక్కడ పెట్టావో కూడా చెప్పలేదు. ఇవ్వనన్నావు కాబట్టి నేనే మా జయకృష్ణ సార్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు తప్పు చెయ్యలేదమ్మా, బొమ్మలో ఏముందో అదే గుర్తు పెట్టావు. మీ అత్త చేను అని తెలిశాక మారిస్తే అప్పుడు తప్పవుతుంది. ఎవరైనా వెళ్ళి చూసి పొలమని రాస్తేనే మార్చాలి" అన్నాడు. నన్ను తిరువూరు ముక్కల నుంచి తీసేశారు. ఇప్పుడు ఎక్కడిదో కూడా తెలియని ఊరి ముక్కలు ఇచ్చారు. నిన్న ఒక చేను వచ్చింది, మధ్యలో తొట్టి ఉంది. గంటసేపు గుర్తు పెట్టకుండా అలాగే చూస్తూ కూర్చున్నాను. పక్కనున్న ప్రేమావతి వచ్చి ఏమైందని అడిగింది. ఎవరి చేనో అన్నాను.

నీకు పనికొచ్చే కబురు ఒకటి తెలిసింది. అభ్యంతరాలు పెట్టిన చేలని ఈ నెలాఖరులో వచ్చి చూస్తారు. వచ్చినవాళ్ళు ఫారంలో టిక్కులు పెట్టుకుని వెళ్తారు. వాళ్ళకి చేను ఒకటే ముక్కగా, పైరుతో కనపడాలి. లోపల తెల్ల రాళ్ళు కనపడ్డాయో, లేఅవుటే అని రాసేస్తారు. కాబట్టి లోపలి రాళ్ళన్నీ పీకించు. చుట్టూ హద్దు రాళ్ళు మాత్రం ఉంచు. దారి మీద సున్నం మట్టిలో కలిసేలా దున్నించు.

ఏసోబు రాళ్ళు కూడా అత్తా. అవి ముందు తీయించాలి, అవే బాగా తెల్లగా ఉన్నాయి.

నాకు తెలుసు నువ్వు ఏమంటావో. మా పటంలో ఏసోబుని చూపించడానికి ఏ గుర్తూ లేదు. నేను వెతికాను. ఇంటికుంది, గుడికుంది, చర్చికుంది, సెల్ టవరుకుంది. మాట మీద చేసుకునేవాడికి లేదు. పేరున్నవాడికి పచ్చ, లేదా పసుపు. అంతే.

ఏసోబుకి కౌలు కార్డు రాయించే వీలుంటే మామయ్యని అడిగి రాయించు. అది నేను చెప్పే మాట, పటం చెప్పేది కాదు.

తిట్టడానికైనా రాయి.

నీహారిక

◆

తిరువూరు,
3 ఆగస్టు 2025

చిరంజీవి నీహారికకి మీ అత్త దీవెనలు.

మొదట నీ కాగితం సంగతి. అది నెమలి ఊళ్ళో గుడి దగ్గర కొన్న వేణుగోపాలస్వామి పటం వెనక పెట్టాను. నీ సంతకానికి విలువ లేక కాదే పిచ్చిమొహమా! నీ ఉద్యోగం తీసి నా చేను నిలబెట్టుకుంటే ఆ చేలో నేను ఏ మొహం పెట్టుకుని నడవను? అది చెప్పకపోవడం నా తప్పు. కోపంలో మాట సగమే వస్తుంది నాకు.

చేను చూడ్డానికి వచ్చారు. ఎలా జరిగిందో రాస్తాను. నీకు తెలియాలి.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు ఏసోబుతో ఏమీ అనలేకపోయాను. మిరప చెక్క రాళ్ళు, పెసర చెక్క రాళ్ళు నేనే గునపంతో కదిల్చి తీశాను. నడుం పట్టేసింది. అది చూసి వాడికి అర్థమైపోయింది. ఐదో రోజు పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"నా రాళ్ళు కూడా తియ్యాలా అమ్మగారూ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మీ మామయ్య "నాలుగు రోజులే ఏసోబూ, వాళ్ళొచ్చి వెళ్ళాక మళ్ళీ పాతుకుందాం" అన్నాడు.

"మళ్ళీ పాతితే మళ్ళీ ప్లాటు అంటారు గదండీ అయ్యగారూ" అన్నాడు ఏసోబు.

పదకొండు రాళ్ళూ వాడే పీకాడు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఒక్కో రాయినీ పైకెత్తి, మట్టి దులిపి, మోసుకెళ్ళి బోరు తొట్టి వెనక పేర్చాడు. ఆఖరి రాయి దగ్గర ఒక్క మాటన్నాడు. "ఇక్కడ నేనున్నానని పైనుంచి కనపడుద్దన్నారు గదమ్మా ఆ రోజు."

ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు, జీపు దిగింది ఒక్కరే. పత్తి మోకాలి ఎత్తు ఉంది. ఆయన గట్టు మీదే నిలబడి పూర్తిగా పది నిమిషాలు కూడా చూడలేదు. ఫారం తీశాడు. "వ్యవసాయం, కదండీ?" అన్నాడు. అవునన్నాం. "అంతా ఒకటే ముక్క?" అన్నాడు. అవునన్నాం. "సాగు చేసేది ఎవరు?" అన్నాడు.

ఏసోబు నా పక్కనే ఉన్నాడు, చేతికింకా మట్టి ఉంది.

మీ మామయ్య "మేమేనండి" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకున్నాను నీహా, నాలాంటి గయ్యాళిది. ఆఫీసాయన ఏసోబు వైపు చూసి, ఇతనెవరు అన్నాడు. ఏసోబే చెప్పాడు, "కూలికొచ్చానండి" అని.

టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు. నిన్న ఆఫీసుకి వెళ్తే గుమస్తా చెప్పాడు, మన చేను మళ్ళీ పచ్చ చెయ్యమని రాశారంట. రోడ్డు సంగతి మాత్రం పైవాళ్ళు చూస్తారంట, ఎప్పుడు చూస్తారంటే తెలియదన్నాడు. అడిగింది సగం ఇచ్చారు, సంతోషించమన్నాడు. మా నాన్న కూడా అలాగే తిరిగాడు ఆఫీసుల చుట్టూ. మా నాన్న ఓడిపోయి వచ్చాడు, నేను గెలిచి వచ్చాను. ఇన్నేళ్ళూ ఆ కాగితాలు గీసేవాళ్ళకి మనం కనపడలేదని ఏడ్చాను కదా. మొన్న గట్టు మీద నిలబడి నేనూ అదే పని చేశాను. వాడు అక్కడే ఉన్నాడు, లేడన్నాను.

కౌలు కార్డు గురించి అడగమన్నావు. అడిగాం. సాగు చేసేది మీరేనని మొన్ననే కదా రాయించారు అన్నారు. అయినా వదలను, రోజూ వెళ్తాను. ఆ మెట్లు నాకు అలవాటే. మీ మామయ్యని కూడా తీసుకెళ్తాను, "మేమేనండి" అన్న నోటితోనే కాదని చెప్పిస్తాను.

ఇప్పుడు నీకు పని. దీంతో పాటు మడిచి పెట్టిన పెద్ద కాగితం చూడు. విత్తనాల కొట్టు వాళ్ళ క్యాలెండరు వెనక వైపు. దాని మీద మన చేను నేనే గీశాను. స్కేలు లేదు, చీపురు పుల్ల పెట్టి గీశాను. బోరు, తొట్టి, దారి, తూర్పు మూలన అర ఎకరం. రాళ్ళున్న చోట పదకొండు చుక్కలు పెట్టాను. అర ఎకరం మధ్యలో ఏసోబు పేరు రాశాను. నీ కంప్యూటర్లో గుర్తు లేదన్నావు కదా, పేరు రాస్తే సరిపోయింది.

కింద కుడి మూలన గడి కూడా గీశాను. అది ఖాళీగా ఉంది. హైదరాబాదులో కూర్చుని అందులో నీ పేరు రాసి పంపావో, ఊరుకోను. ఆ కాగితం పట్టుకుని బస్సెక్కు. పత్తిలోకి దిగు. రాళ్ళు పీకిన గుంటలు ఇంకా పూడలేదు, పదకొండూ కాలితో తడిమి చూడు. ఏసోబు అక్కడే ఉంటాడు, వాడి ఎదురుగా నిలబడి రాయి నీ పేరు. పక్కన నేనూ సంతకం పెడతాను.

ఇట్లు,
మీ అత్త నాగేశ్వరమ్మ